‘మీ రక్తమే కదా’ అనగానే తలూపకండి: చిగుళ్ల సర్జరీలో పీఆర్‌ఎఫ్ పెట్టించుకునే ముందు జాగ్రత్తలు

పన్ను తీసిన గుంతలోనో, చిగురు విప్పి శుభ్రం చేసిన చోటో మన రక్తంతోనే తయారుచేసిన ఒక పొర పెట్టి కుట్టేయడం ఇప్పుడు చిన్న ఊళ్ల డెంటల్ క్లినిక్కుల్లో కూడా మామూలైపోయింది. దీన్ని పీఆర్‌ఎఫ్ అంటారు, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ఫైబ్రిన్. ‘మీ రక్తమేనండీ, ఒంటికి పడకపోవడమంటూ ఉండదు’ అని డాక్టర్లు చెబుతారు. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ మాట వినగానే మనవాళ్లకి టెన్షన్ పోతుంది, దాంతోపాటు అడగాల్సినవి అడగడం, చెప్పాల్సినవి చెప్పడం కూడా పోతుంది. రక్తం మనదే అయినా దాన్ని పట్టే ట్యూబు, తిప్పే మెషిను, తాకే చేతులు మనవి కావు. మనం రోజూ వేసుకునే మాత్రల సంగతి డాక్టరుగారికి మనం చెబితే తప్ప తెలియదు.

ముందు అసలు ఏం చేస్తారో చూద్దాం. 2001లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ షుక్రూన్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. చేతి నరం నుంచి 9, 10 మిల్లీలీటర్లు పట్టే ట్యూబుల్లో రక్తం తీస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందేమీ అందులో కలపరు. వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పుతారు. మొదట్లో ఎక్కువగా వాడిన లెక్కల్లో ఒకటి నిమిషానికి 2700 చుట్లు, 12 నిమిషాలు. తర్వాత వేగం తగ్గించిన పద్ధతులు కూడా వచ్చాయి. మెషిను ఆగాక ట్యూబులో అడుగున ఎర్ర కణాలు, పైన పసుపు రంగు నీరు, మధ్యలో లేత పసుపు గడ్డ కనిపిస్తాయి. ఆ మధ్య గడ్డే పీఆర్‌ఎఫ్. పట్టకారుతో దాన్ని పైకి తీసి, కింద అంటుకున్న ఎరుపు చాలావరకు కత్తిరించి, చిన్న స్టీలు పెట్టెలో మూత బరువుతో మెల్లగా నొక్కితే నీరు దిగిపోయి మీగడ తరకలాంటి పొర మిగులుతుంది. అందులో చిక్కుకున్న ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు గాయం మానడానికి పనికొచ్చే పదార్థాలను వారం, పది రోజులపాటు కొద్దికొద్దిగా వదులుతాయి. జుట్టు రాలుతుంటే తలకి ఇచ్చే పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా, వేరు. అందులో మామూలుగా గడ్డకట్టకుండా మందు కలుపుతారు, పదార్థం ద్రవంగా ఉంటుంది, త్వరగా ఖర్చయిపోతుంది.

ట్యూబు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పేషెంట్లు ఎవరూ దాని గురించి అడగరు. ఊదా మూత, నీలం మూత ట్యూబుల్లో గడ్డకట్టకుండా చేసే రసాయనం ఉంటుంది, వాటితో పీఆర్‌ఎఫ్ రాదు. పసుపు మూత వాటిలో జెల్ ఉంటుంది, అదీ పనికిరాదు. ల్యాబుల్లో దొరికే ఎర్ర మూత ప్లాస్టిక్ ట్యూబుల్లో చాలావాటికి లోపల సిలికా పొడి పూత ఉంటుంది. ఆ ట్యూబులు రక్తపరీక్ష కోసం చేసినవి. లోపలిది మళ్లీ మనిషి ఒంట్లో పెడతారని తయారుచేసేవాళ్లు అనుకోరు. సిలికా రేణువులు గడ్డలోకి చేరుతున్నాయని పరిశోధకులు చూపించారు కూడా. పూత లేని గాజు ట్యూబులుగానీ, పీఆర్‌ఎఫ్ కోసమే తయారైనవిగానీ వాడుతున్నారా అని అడగడంలో తప్పులేదు. ఈ ప్రశ్నకి విసుక్కునే చోట నేనైతే రక్తం ఇవ్వను.

రెండోది, మీ కళ్లముందే కొత్త సూది ప్యాకెట్ విప్పాలి, ట్యూబు మీద మీ పేరు రాయాలి. పొర అప్పటికప్పుడు చేసి అప్పటికప్పుడు పెట్టాల్సిందే. ‘పొద్దున తీసి ఫ్రిజ్‌లో పెట్టాం, సాయంత్రం రండి’ అంటే వద్దనండి. సొంత రక్తంతో రోగం ఎలా వస్తుందనుకునేవాళ్లు ఈ సంగతి వినాలి. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ముఖానికి పీఆర్‌పీ చేసే ఒక స్పాను 2018లో మూసేశారు. అక్కడ చేయించుకున్న ఆడవాళ్లకి హెచ్‌ఐవీ సోకినట్టు తేలింది. తనిఖీకి వెళ్లినవాళ్లకి వంటగది ఫ్రిజ్‌లో తినే వస్తువుల పక్కన పేర్లు లేని రక్తం ట్యూబులు కనిపించాయి. ఆ దేశపు ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో ఈ వివరాలన్నీ ప్రచురించింది. పళ్ల క్లినిక్‌లో జరిగింది కాదనుకోండి. అయినా సూదీ, ట్యూబూ ఎక్కడైనా ఒకటే.

ఒప్పుకునే ముందు

‘నాకు ఇది ఎందుకు?’ అని అడగండి. కింది దవడ జ్ఞానదంతం తీశాక పీఆర్‌ఎఫ్ పెడితే డ్రై సాకెట్ (పన్ను తీసిన గుంతలో రక్తపు గడ్డ నిలవక ఎముక తేలి వచ్చే తీవ్రమైన నొప్పి) తగ్గుతుందని, నొప్పి కూడా కొంత తగ్గవచ్చని చాలా పరిశోధనల్లో వచ్చింది. చిగుళ్ల జబ్బుతో పంటి పక్కన ఎముక లోపలికి కరిగి గుంతపడిన చోట, చిగురు విప్పి శుభ్రం చేసే ఉత్త ఫ్లాప్ సర్జరీ కంటే పీఆర్‌ఎఫ్ కలిపితే ఫలితం మెరుగ్గా ఉంటోంది. అంగిలి నుంచి చిగురు ముక్క తీసిన చోట గాయం త్వరగా మూసుకుంటుంది. ఎముక పెంచే విషయంలో మాత్రం అంత గట్టిగా చెప్పలేం. చిగురు జారిన పంటికి అంగిలి నుంచి తీసి అతికించే ముక్కే ఇప్పటికీ మేలైన వైద్యం, పీఆర్‌ఎఫ్ దాని తర్వాతే. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి మామూలుగా ఊడివచ్చే పన్ను తీసి పీఆర్‌ఎఫ్ బిల్లు వేయడం నా దృష్టిలో దండగ. ‘స్టెమ్ సెల్ ట్రీట్‌మెంట్’ అని దీన్ని అమ్మేవాళ్లూ ఉన్నారు. ఇది స్టెమ్ సెల్ వైద్యం కాదు.

పళ్లమీద గార తీయించకుండా, బ్రషింగ్ సరిచేసుకోకుండా ముందే పొర పెట్టించుకుంటే డబ్బులు బూడిదలో పోసినట్టే. చిగుళ్లు నొక్కితే ఇంకా రక్తం కారుతుంటే సర్జరీ వాయిదా వేయమని మీరే అడగొచ్చు.

ఇక మందులు. గుండెకి స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు, వాల్వు మార్పించుకుని వార్ఫరిన్ వాడేవాళ్లు, రివరోక్సబాన్, అపిక్సబాన్ లాంటివి వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఈ మందులతో గడ్డ సరిగా కట్టక పొర పలచగా రావచ్చు, సర్జరీ చోట రక్తం ఎక్కువసేపు కారవచ్చు. అలాగని మీ అంతట మీరు నాలుగు రోజులు మాత్రలు ఆపేసి వెళ్లడం అన్నిటికంటే ప్రమాదం. చిగురు నుంచి కారే రక్తాన్ని గాజుగుడ్డతో ఆపగలరు, స్టెంట్‌లో గడ్డ పడితే ప్రాణం మీదికొస్తుంది. ఆపాలో వద్దో గుండె డాక్టరు చెప్పాలి. వార్ఫరిన్ వాడేవాళ్లు సర్జరీకి ముందు 24 గంటల లోపు, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుని ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.

మోకాళ్లు, నడుము నొప్పులకని వెళితే ఎముకలు గుల్లబారాయని చెప్పి వారానికొక మాత్రో, ఏడాదికొక ఇంజెక్షనో, ఆర్నెల్లకొకటో ఇచ్చి ఉంటారు. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ ఆ కోవవి. రోజూ వేసుకునేది కాదు కాబట్టి ‘ఏం మందులు వాడుతున్నారమ్మా?’ అంటే పెద్దవాళ్లకి ఇది గుర్తురాదు. ఈ మందుల మీద ఉన్నప్పుడు పన్ను తీస్తే ఒక్కోసారి దవడ ఎముక మానకుండా బయటపడిపోతుంది. క్యాన్సర్‌కి ఎక్కువ మోతాదులో తీసుకున్నవాళ్లకి ఈ ముప్పు మరీ ఎక్కువ. పీఆర్‌ఎఫ్ దానికి కవచం కాదు. అమ్మనో అత్తగారినో తీసుకెళ్లేవాళ్లు పాత ఫైలు మొత్తం చేతపట్టుకుని వెళ్లండి.

షుగరు ఉంటే మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, చూపించండి. 8 దాటితే తొందరలేని సర్జరీని చాలామంది డాక్టర్లు వాయిదా వేస్తారు. వేయాలి కూడా.

వానాకాలం సంగతి

జూలై నుంచి నవంబరు దాకా మన దగ్గర డెంగ్యూ రోజులు. జ్వరంతో ఉన్నప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తే అది పళ్ల జబ్బని డెంటిస్ట్ దగ్గరికి పరుగెత్తకండి. అది డెంగ్యూలో ప్రమాద సూచన కావచ్చు, ముందు ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించాలి. జ్వరం తగ్గినవాళ్లు కూడా ప్లేట్‌లెట్ల లెక్క మామూలు స్థాయికి, అంటే లక్షన్నర పైకి వచ్చిందని సీబీపీ రక్తపరీక్షలో చూసుకున్నాకే పన్ను తీయించుకోవాలి. ప్లేట్‌లెట్లే తక్కువున్న రక్తంతో ప్లేట్‌లెట్ల పొర చేయించుకోవడంలో అర్థం లేదు, రక్తస్రావం భయం దానికి అదనం. సర్జరీ అయ్యాక ఈ సీజన్లో జ్వరం వస్తే ఇంట్లో మిగిలిన ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోకండి. పారాసిటమాల్ ఒక్కటే వేసుకుని డాక్టరుకి ఫోన్ చేయండి.

పొగ, గుట్కా, ఇంకో ప్రశ్న

సిగరెట్, బీడీ, ఖైనీ, గుట్కా ఏది ఉన్నా గాయం మానడం ఆలస్యమవుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరపు ఊళ్లలో నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్లలో అంగిలి మీదే మచ్చలు, పుళ్లు వస్తాయి, కొందరిలో అవి క్యాన్సరుకి దారితీస్తాయి. చిగురు ముక్క కోసం అంగిలిని కోసేముందు ఆ మచ్చల్ని పరీక్ష చేయించాలి. సిగ్గుపడి దాస్తే నష్టం మీకే.

పీఆర్‌ఎఫ్‌తో పాటు ఎముక పొడి, స్పాంజి కూడా వాడొచ్చు. వాటిలో కొన్ని ఆవు నుంచి, కొన్ని పంది నుంచి తీసినవి. మీకు పట్టింపు ఉంటే ముందే చెప్పండి, వేరేవి దొరుకుతాయి.

ఆ రోజు

పరగడుపున వెళ్లకండి. లోకల్ మత్తుకి ఉపవాసం అక్కర్లేదు, టిఫిన్ చేసి, మామూలు మాత్రలు వేసుకుని, నీళ్లు బాగా తాగి వెళితే నరం సులువుగా దొరుకుతుంది. తీసే రక్తం రక్తదానంలో ఇచ్చే 350 మిల్లీలీటర్లతో పోలిస్తే చాలా తక్కువ. సూదంటే కళ్లు తిరిగేవాళ్లు పడుకోబెట్టి తీయమని అడగండి.

ఇంటికొచ్చాక

మొదటి 24 గంటలు పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో తాగడం వద్దు. నోట్లో ఊరిన నీళ్లు మింగేయండి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని, తల అటూఇటూ వంచి, వాటంతటవే జారిపోనివ్వండి. పసుపు, కాఫీ పొడి, లవంగ నూనె గాయం మీద పెట్టొద్దు. వేపపుల్ల కొన్నాళ్లు పక్కన పెట్టండి.

రెండో రోజో మూడో రోజో కుట్ల మధ్య తెల్లగా, పసుపుగా ఒక పొర కనిపిస్తుంది. ఎక్కువమంది భయపడేది ఇక్కడే. పెదవి లాగి, ఫోన్ లైటు వేసి, ఫోటో తీసి ‘చీము పట్టింది డాక్టర్’ అని వాట్సాప్ చేస్తారు. ఇంకొందరు దూదితో తుడిచేస్తారు. అది చాలాసార్లు మానుతున్న గాయం మీద పొరే, డబ్బు పెట్టి పెట్టించుకున్న ఫైబ్రినే. తుడవకండి, పెదవి లాగితే కుట్లు తెగుతాయి. చీమైతే వాసన, పెరిగే వాపు, జ్వరం తోడుంటాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య చెవిదాకా లాగే నొప్పి మాత్రలకి తగ్గకపోతే అది డ్రై సాకెట్ కావచ్చు. పీఆర్‌ఎఫ్ పెట్టినా అది రాదని హామీ లేదు, వెంటనే వెళ్లండి. గాజుగుడ్డ అరగంట గట్టిగా కొరికి పట్టినా రక్తం ఆగకపోతే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పత్యం పేరుతో పప్పు మానేయకండి. పప్పు తింటే చీము పడుతుందన్న మాటకి ఆధారం లేదు, గాయం మానడానికి ప్రోటీన్ కావాలి. మెత్తగా మెదిపిన పప్పన్నం, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు తినొచ్చు. జంతికలు, పల్లీలు, నువ్వులు, ఆవకాయ వద్దు.

కుట్లు వారం నుంచి రెండు వారాల్లో తీస్తారు. నొప్పి లేదని ఆ విజిట్ మానేసేవాళ్లున్నారు. ఎముక గుంతకి చేసిన సర్జరీ అయితే, దాని ఫలితం ఎక్స్‌రేలో తెలియడానికి కనీసం 6 నెలలు పడుతుంది. ఈలోపు మూడు నెలలకోసారి క్లీనింగ్‌కి వెళ్లాలి, సర్జరీకి ముందు తీసిన ఎక్స్‌రే పారేయకుండా దాచాలి. పక్కన పెట్టి పోల్చడానికి అది లేకపోతే ఎముక పెరిగిందో లేదో డాక్టరు కూడా చెప్పలేరు.