జావాలో రెండు లిస్టులు సేమ్ ఉన్నా ఈక్వల్స్ ఫాల్స్ ఇస్తుంటే, నాకు పనిచేసింది ఇదీ

చాలామంది అడుగుతున్నారని రాస్తున్నా. బిల్లింగ్ కోడ్‌లో బిల్‌ఐటెమ్ అని సొంత క్లాసు, అందులో పేరు, రేటు. రెండు అరేలిస్టులు ప్రింట్ చేస్తే అక్షరం తేడా లేదు, ఈక్వల్స్ అడిగితే ఫాల్స్. సార్ట్ చేసి చూశా, కొత్త లిస్టులోకి కాపీ చేసి చూశా, లాభం లేదు.

అరేలిస్ట్‌ది తప్పు కాదండి, అది సైజు చూసి, వరసగా ఒక్కో ఐటెమ్‌ని ఆ ఐటెమ్ ఈక్వల్స్‌తోనే పోలుస్తుంది. మా క్లాసులో ఈక్వల్స్ ఉంది కానీ పారామీటర్ బిల్‌ఐటెమ్ అని ఉంది, ఆబ్జెక్ట్ అని లేదు, అంటే అది ఓవర్‌లోడ్ (అదే పేరుతో ఇంకో మెథడ్) అయిపోయింది, లిస్టు దాన్ని అసలు పిలవదు, మెమరీలో రెండూ ఒకే ఆబ్జెక్టా అని చూసే, ఆబ్జెక్ట్ క్లాసు నుంచి వచ్చిన పాత ఈక్వల్స్‌నే పిలుస్తుంది.

ముందు మెథడ్ పైన ఓవర్‌రైడ్ యానొటేషన్ (పై క్లాసు మెథడ్‌నే తిరగరాస్తున్నా అని కంపైలర్‌కి చెప్పే గుర్తు) పెట్టా, కంపైలర్ వెంటనే ఎర్రర్ ఇచ్చింది, అక్కడే దొరికింది. పారామీటర్‌ని ఆబ్జెక్ట్ చేసి, లోపల అది బిల్‌ఐటెమేనా అని ఇన్‌స్టాన్స్‌ఆఫ్ చెక్ పెట్టి, ఆ టైపుకి క్యాస్ట్ చేసి, పేరుని ఆబ్జెక్ట్స్ క్లాసులోని ఈక్వల్స్‌తో పోల్చా, నల్ వచ్చినా ఇబ్బంది ఉండదు. రేటు బిగ్‌డెసిమల్ (దశాంశాలు కచ్చితంగా ఉంచే నంబర్ టైపు), దీని దగ్గర జాగ్రత్త, 250, 250.00 దాని ఈక్వల్స్‌కి వేరువేరు, అందుకే కంపేర్‌టు వాడి సున్నా వస్తుందా అని చూశా. హ్యాష్‌కోడ్ (హ్యాష్‌సెట్ లాంటివి ఐటెమ్‌ని వెతకడానికి వాడే సంఖ్య) కూడా దానికి తగ్గట్టు రాయాలి, రేటుకి స్ట్రిప్ ట్రెయిలింగ్ జీరోస్ చేసి (చివరి సున్నాలు తీసేసి) ఇచ్చా, లేకపోతే హ్యాష్‌సెట్‌లో మళ్ళీ గొడవ.

ఇది అందరికీ సరిపోతుందని చెప్పలేను. వరస మారితే ఫాల్సే వస్తుంది. సీషార్ప్ వాళ్ళకి లిస్ట్ ఈక్వల్స్ లోపలికి చూడనే చూడదు, సీక్వెన్స్‌ఈక్వల్ వాడాలి. జావా 16 నుంచి రికార్డు (డేటా పెట్టుకోవడానికే ఉన్న చిన్న క్లాసు) వాడితే ఈక్వల్స్ దానంతటదే వస్తుంది, కాకపోతే ఆ 250.00 తంటా అలాగే ఉంటుంది.