ఓడ సేవా చరిత్ర రాద్దాం – 4: ఇద్దరు రాజ్‌పుత్‌లు

పోయిన పాఠం చివర భారత యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ సేవా చరిత్రను పది వరుసల్లో రాయమన్నాను. సగానికి పైగా జవాబులు ఒకే గోతిలో పడ్డాయి. ఒకరి కాగితంలో 1942లో నీట దిగిన ఓడ 2021 మే 21న విశాఖపట్నంలో సేవ విరమించింది. డెబ్బై తొమ్మిదేళ్ల ఉద్యోగం! మరొకరు అదే ఓడ మీది నుంచి బ్రహ్మోస్ క్షిపణిని కూడా పేల్చేశారు. కొంత తప్పు నాదే, ఏ రాజ్‌పుత్ అన్నది చెప్పలేదు.

కీల్ వేయడం (అడుగు దూలం పరచి కట్టడం మొదలుపెట్టడం), జలప్రవేశం (నీట దింపడం), కమిషన్ (సేవలోకి తీసుకోవడం): ఈ మూడు తేదీల తేడా వివరంగా మళ్లీ చెప్పను. రెండో పాఠం తీసి చూసుకోండి.

మొదటి రాజ్‌పుత్ స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో, జాన్ బ్రౌన్ యార్డులో తయారైంది. 1941 ఏప్రిల్‌లో కీల్, 1942 మార్చిలో జలప్రవేశం, ఆగస్టులో కమిషన్. అప్పటి పేరు హెచ్‌ఎంఎస్ రోథరమ్. ఆర్ తరగతి డిస్ట్రాయర్ల దళానికి నాయక నౌక. నాలుగు 4.7 అంగుళాల ఫిరంగులు, ఎనిమిది టార్పెడో గొట్టాలు. యుద్ధకాలంలో హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ తూర్పు నౌకాదళంతో తిరిగింది. 1949లో మన దేశానికి వచ్చి రాజ్‌పుత్ అయింది. తోబుట్టువులు రిడౌట్, రైడర్‌లు రంజిత్, రాణా అయ్యాయి. 1976లో డీకమిషన్, అంతటితో దాని కథ సమాప్తం. 1980 మే 4న కమిషన్ అయిన రాజ్‌పుత్ సోవియట్ యూనియన్‌లోని నికొలాయెవ్‌లో కట్టిన వేరే ఓడ. బ్రహ్మోస్ దానిది.

తాత పేరు మనవడికి పెట్టడం మనకు కొత్తా? అంతమాత్రాన తాత పెళ్లి తేదీని మనవడి జాతకంలో రాస్తామా? పేరు నౌకాదళం సొత్తు. ఒక ఓడ పోతే ఇంకో ఓడకు తగిలిస్తారు. పెనెంట్ నంబరును, అంటే ఓడ పక్కన రాసే గుర్తింపు సంఖ్యను, పట్టుకుంటే చాలదా అని ఒకరు అడిగారు. చాలదు. రోథరమ్‌గా ఉన్నప్పుడు హెచ్09, రాజ్‌పుత్ అయ్యాక డి141. ఓడ అదే, నంబరు మారింది. యజమాని మారితే పేరు, నంబరు, జెండా అన్నీ మారతాయి. మారనివి పుట్టిన యార్డు, నీట దిగిన ఏడాది. అందుకే నేను ప్రతి కాగితం మూలన ముందుగా ‘క్లైడ్‌బ్యాంక్ 1942’ అని పెన్సిలుతో రాసుకుంటాను, ఓడ పేరు ఆ తర్వాతే. రంగు రంగుల పెన్నులతో గీతలు గీసేవారు గీసుకోండి, నాకు ఓపిక లేదు.

ఇక 1971 వరుస, పాకిస్తాన్‌తో యుద్ధం నాటిది. ఘాజీ అంటే పాకిస్తాన్ జలాంతర్గామి. చాలామంది ‘డిసెంబరు 3: ఘాజీని ముంచింది’ అని తేల్చేశారు. నేనైతే ఇలా రాస్తాను:

‘డిసెంబరు 3, అర్ధరాత్రికి కొంచెం ముందు: విశాఖ రేవు నుంచి బయలుదేరింది. డెప్త్ చార్జీలు (నీటి లోతున పేలే బాంబులు) వదిలింది. అర్ధరాత్రి దాటాక: తీరంలో వినిపించిన భారీ పేలుడు. ఘాజీ మునక.’

కారణం కింద విడిగా రెండు వరుసలు. భారత నౌకాదళం మాట: రాజ్‌పుత్ దాడి. పాకిస్తాన్ మాట: జలాంతర్గామిలోనే పేలుడు, లేదా అది పరిచిన మైన్ల వల్ల ప్రమాదం. విశాఖ మిత్రులు కోపగించుకోవద్దు. బీచ్ రోడ్డులోని విజయ స్మారకాన్ని నేనూ నిలబడి చూసినవాణ్నే. అయినా చూసిన సంగతిని, చెప్పిన మాటను ఒకే వరుసలో కలపను.

అన్నట్టు, పేర్ల గొడవ ఇక్కడా వదల్లేదు. విమానవాహక నౌక విక్రాంత్ అండమాన్ వైపు ఉండగా, తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పన్నిన ఎత్తు ప్రకారం రాజ్‌పుత్ తానే విక్రాంత్‌నన్నట్టు రేడియో సందేశాలు పంపింది. ఆ రోజుల సందేశాలను మాత్రమే చూసి విక్రాంత్ ఎక్కడుందో రాయబోతే మీరూ ఘాజీలాగే మోసపోతారు.

అభ్యాసం మరచిపోయాను. 1948లో మనకు వచ్చిన క్రూయిజర్ ఢిల్లీ, అంతకుముందు అకిలీస్, చరిత్ర రాయండి. మూడు నౌకాదళాలు, పన్నెండు వరుసలు. 1997లో కమిషన్ అయిన ఢిల్లీ జోలికి వెళ్లవద్దు. రివర్ ప్లేట్ పోరు జరిగిన 1939 డిసెంబరు 13 వరుసలో, ఓడ పేరు ముందు ఏ అక్షరాలు పెట్టాలో రాసే ముందు సరిచూసుకోండి. న్యూజిలాండ్ నౌకాదళానికి ‘రాయల్ న్యూజిలాండ్ నేవీ’ అన్న పేరు వచ్చింది 1941లో.