దవడలో పెట్టిన కాలి ఎముకకు రక్తం అందుతోందా? ఎలా గమనించాలి

దవడ ఎముక తీసేసిన చోట కాలి నుంచి ఫిబ్యులా ఎముక తెచ్చి పెట్టే ఆపరేషన్‌లో అందరికీ కనిపించేది ఎముకా, ప్లేట్లూ, స్క్రూలూ. అసలు కష్టం మాత్రం ఎముకతో పాటు వచ్చిన ధమనినీ, సిరలనూ మెడలోని నాళాలకు మైక్రోస్కోప్ కింద కుట్టడంలో ఉంది. ఆ కుట్టు దగ్గర రక్తం గడ్డకడితే పెట్టిన ఎముక చచ్చిపోతుంది. ఇలాంటి గడ్డలు ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లోనే వస్తాయి కాబట్టి, పేషెంట్ పక్కన ఉండేవాళ్లు ఏం చూడాలో ముందే తెలుసుకోవాలి.

ఆపరేషన్‌కు ముందు రెండు కాళ్లకూ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపించే పరీక్ష) చేస్తారా అని అడగండి. ఎముకతో పాటు పెరోనియల్ ధమని కూడా వెళ్లిపోతుంది, కొంతమందికి పాదానికి రక్తం ప్రధానంగా అందించేది అదే, అలాంటి కాలి నుంచి తీస్తే పాదమే ప్రమాదంలో పడుతుంది. మెడకు గతంలో రేడియేషన్ ఇచ్చి ఉన్నా, ఆపరేషన్ జరిగి ఉన్నా, ఇంతకు ముందెప్పుడైనా కాలిలో గడ్డ కట్టి ఉన్నా దాచకుండా చెప్పండి. సిగరెట్ మానేయాలి, ఇందులో బేరం లేదు.

ఆపరేషన్ తర్వాత నోట్లోనో మెడ మీదో కాలి చర్మం ముక్క ఒకటి కనిపిస్తుంది. లోపలున్న ఎముక పరిస్థితి చెప్పే కిటికీ అదే. దాని రంగును పక్కనున్న నోటి పొరతో పోల్చకండి, అది కాలి చర్మం, పాలిపోయినట్టే ఉంటుంది. మొదటి రోజు ఎలా ఉందో గుర్తుపెట్టుకుని, ప్రతిసారీ ఒకే వెలుతురులో చూడండి.

చర్మం నీలంగా, ఊదాగా మారి ఉబ్బుతోందంటే సిర మూసుకుపోయి ఉండొచ్చు. రక్తం లోపలికి వస్తోంది, బయటికి పోవడం లేదు. ధమని కంటే సిరతోనే ఈ తిప్పలు ఎక్కువ. తెల్లగా, చల్లగా, మెత్తగా అయిపోతే ధమని వైపు అనుమానించాలి. వేలితో నొక్కి చూడటం, సూదితో గుచ్చి చూడటం, డాప్లర్ (రక్తం పారే చప్పుడు వినిపించే పరికరం) పెట్టి వినడం నర్సులూ డాక్టర్ల పని, మీరు ముట్టుకోవద్దు. మీ పని తేడా అనిపించిన క్షణంలో పిలవడం. అర్ధరాత్రి అయినా సరే, పొద్దున రౌండ్స్‌కు వచ్చినప్పుడు చెబుదాంలే అనుకోవద్దు. తొందరగా పట్టుకుంటే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి గడ్డ తీసి, కుట్టు మళ్లీ వేసి చాలా ఫ్లాప్‌లను (నాళాలతో సహా తెచ్చి పెట్టిన ఎముకా, చర్మమూ) బతికిస్తారు. గంటలు గడిచేకొద్దీ లోపలి సన్నని నాళాలు కూడా దెబ్బతిని, పెద్ద నాళం తెరిచినా రక్తం పారదు.

ఒక్కోసారి ఆ చర్మం చెడిపోయినా ఎముక బాగానే ఉంటుంది, కాబట్టి రంగు మారగానే అంతా అయిపోయిందని కుంగిపోనక్కర్లేదు. అసలు బయటికి చర్మమే కనిపించకుండా ఎముక ఒక్కటే పెట్టి ఉంటే, దాన్ని దేనితో గమనిస్తున్నారో సర్జన్‌నే అడగండి.

మెడ విషయంలో చాలా జాగ్రత్త. ట్రాకియాస్టమీ ట్యూబు (ఊపిరి కోసం గొంతు దగ్గర పెట్టే గొట్టం) పట్టీ బిగుతుగా ఉన్నా, తల తిప్పకూడని వైపు తిరిగినా సిర నలుగుతుంది. ఏ వైపు తిప్పకూడదో అడిగి మంచం దగ్గర రాసి పెట్టండి. మెడ ఒక్కసారిగా ఉబ్బితే లోపల రక్తం చేరి నాళాన్నీ, ఊపిరినీ కూడా నొక్కుతుండొచ్చు, అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఎముక తీసిన కాలినీ మర్చిపోకండి. మందులకు తగ్గని నొప్పి, రాయిలా బిగుసుకున్న పిక్క, వేళ్లు కదిపితే ప్రాణం పోయేంత బాధ, తిమ్మిరి, ఇవి కనిపిస్తే వెంటనే చెప్పాలి.

ఇంటికి వచ్చాక మెడ గాయం నుంచి లాలాజలం కారుతుంటే తుడుచుకుని ఊరుకోవద్దు, ఆ చోట ఇన్ఫెక్షన్ ముదిరితే పెద్ద ధమని గోడ కూడా దెబ్బతినవచ్చు. నోట్లోంచో మెడలోంచో ఎర్రటి రక్తం కొంచెం వచ్చి దానంతటదే ఆగిపోయినా అదే రోజు, అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. ఆగకుండా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఆ చోట గట్టిగా అదిమిపట్టి, ఆ ఒత్తిడి వదలకుండానే అంబులెన్స్ ఎక్కించండి.