మొబైల్ యాప్‌కి బ్యాకెండ్, 3వ పాఠం: ముందు రీడ్‌లు లెక్కపెట్టండి

పోయిన పాఠంలో స్క్రీన్లు కాగితం మీద గీసుకున్నాం కదా. బెంగళూరు మారతహళ్లిలో మన ఆంధ్రా పీజీ హాస్టల్, 120 మంది, "రేపు టిఫిన్ ఉందా, లేదా" అని రాత్రి పదిలోపు నొక్కితే ఎంత పిండి కలపాలో వంట మాస్టర్‌కి తెలుస్తుంది. ఇంతే యాప్. ఈ లెక్క ఎక్కడ దాచాలన్నది, అంటే యాప్ వెనక ఉండే బ్యాకెండ్ ఏదన్నది, ఈరోజు సంగతి.

యాప్ డేటా దాచిపెట్టే సర్వీసుల్లో ఫైర్‌బేసా, సూపాబేసా అని వీడియోలు చూస్తూ వారం గడిపేయకండి (నేను గడిపాను). పెన్ను తీయండి. పేర్ల లిస్టు స్క్రీన్ ఒకసారి తెరిస్తే 120 డాక్యుమెంట్లు (మనిషికో రికార్డు) చదవాలి, ఒక్కోటి చదవడం ఒక రీడ్. 120 మందీ తెరిస్తే 14,400. ఒక్కొక్కరు రోజుకు నాలుగుసార్లు చూస్తారు, ఎందుకంటే పక్కరూమువాడు తింటున్నాడో లేదో అందరికీ కావాలి, అంటే 57,600. ఫైర్‌బేస్‌లో ఉండే ఫైర్‌స్టోర్ అనే డేటాబేస్ ఉచితంగా ఇచ్చేది రోజుకు 50,000 రీడ్‌లు. బిల్లింగ్ పెట్టకపోతే అక్కడితో ఆగిపోతుంది. పైగా ఆ కోటా మళ్లీ మొదలయ్యేది అమెరికా పసిఫిక్ టైము అర్ధరాత్రికి, అంటే మనకి మధ్యాహ్నం పన్నెండున్నర దాటాకే. అప్పటికి టిఫిన్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది!

మందు చిన్నదే. రోజుకో డాక్యుమెంట్ పెట్టి అందులో మొత్తం అంకె మాత్రమే ఉంచండి, ఎవరైనా నొక్కినప్పుడు దాన్ని ఒకటి పెంచండి, లేదా తగ్గించండి. ఇప్పుడు రీడ్‌లు 480. పేర్ల లిస్టు అడిగినవాళ్లకి మాత్రం వేరే స్క్రీన్‌లో.

సూపాబేస్‌లో లోపల ఉన్నది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, రీడ్‌కి ఇంత అని లెక్క కట్టదు. "ఈ నెల ఏ రూము ఎన్ని టిఫిన్లు తింది" లాంటి ప్రశ్నలుంటే నా ఓటు దీనికే, డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో రెండు లైన్ల పని. కాకపోతే ఉచిత ప్రాజెక్టు వారం పాటు ఎవరూ వాడకపోతే ఆపేస్తారు. సంక్రాంతికి పీజీ ఖాళీ అయితే గుర్తుంటుందిగా, ఊర్నుంచి తిరిగొచ్చాక డాష్‌బోర్డులోకెళ్లి మీరే లేపాలి.

రీజియన్, అంటే డేటా ఉండే సర్వర్లు ఏ చోట అని అడిగినప్పుడు, మనకి దగ్గర్లోని ముంబై ఎంచుకోండి. నేను కంగారులో నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుకుంటూ పోయి అమెరికాలో పెట్టాను. ఫైర్‌స్టోర్‌లో ఒకసారి పెట్టిన చోటు ఇక మారదు, కొత్త డేటాబేస్ తెరిచి అంతా మోసుకొచ్చేసరికి ఆదివారం పోయింది.

ఇంకొకటి. డేటాబేస్‌ని పిలిచే కోడ్ అంతా ఒకే ఫైల్లో పెట్టండి, రేపు సర్వీసు మారాల్సొస్తే ఆ ఒక్క ఫైలు మారిస్తే చాలు. పార్స్ అని ఇలాంటిదే ఒక సర్వీసుండేది, ఫేస్‌బుక్ 2013లో కొన్నది, 2016 జనవరిలో మూసేస్తున్నామని చెప్పి ఏడాదికి మూసేసింది. దాని కోడ్ ఎవరైనా వాడుకునేలా ఓపెన్‌సోర్స్‌గా వదిలారు గానీ, యాప్‌లున్నవాళ్లకి ఇల్లు మారడం తప్పలేదు.

వచ్చే పాఠానికి మీ ప్రతి స్క్రీన్ పక్కనా రోజుకు ఎన్ని రీడ్‌లో రాసుకుని రండి. లాగిన్ అప్పుడు మొదలుపెడదాం, ఓటీపీ ఎస్సెమ్మెస్‌ల ఖర్చుతో సహా.