ప్రదర్శన కోళ్లలో వంశ దోషాలు: పట్టుకోవడం, వదిలించుకోవడం

పిల్లలో వంకర కనిపించగానే ఆ పిల్లను తీసేసి, దాని తల్లిదండ్రులను మళ్లీ జత కట్టించేవాళ్లు చాలామంది. తర్వాతి పొదుగులో అదే వంకర మళ్లీ వస్తుంది. చాలా దోషాలు పైకి ఏ లోపమూ లేని పుంజు, పెట్టల్లో దాగి ఉంటాయి. అందుకే ముందు గుడ్డు మీద పెన్సిల్‌తో జంట నంబరు రాయండి, పిల్ల కాలికి రంగు రింగు వేయండి. ఏ పిల్ల ఏ జంటదో తెలియకపోతే కింద చెప్పినవేవీ పనిచేయవు.

వేళ్లు వంకర

వెంటనే వంశాన్ని తప్పుపట్టకండి. వేళ్లు లోపలికి ముడుచుకుపోయి పిల్ల సరిగ్గా నిలబడలేకపోతే ముందు బీ2 విటమిన్ లోపాన్ని అనుమానించాలి. అది పిల్ల మేతలో గానీ, గుడ్డు పెట్టిన తల్లి మేతలో గానీ తక్కువై ఉండొచ్చు. ఇంక్యుబేటర్‌లో వేడి తప్పినా, పిల్లలను వెచ్చగా ఉంచే బ్రూడర్‌లో నేల జారుతున్నా వేళ్లు వంకరపోతాయి. ఈ మూడూ సరిచేసి అదే జంట గుడ్లు మళ్లీ పొదిగించండి. మిగతా జంటల పిల్లలు బాగుండి, ఈ జంటకు మాత్రం మళ్లీ వంకర వేళ్లవి పుడితే ఆ జంటను విడదీయండి. రొమ్ము ఎముక వంకరైనా అంతే: చిన్న వయసులోనే సన్నటి కర్ర ఎక్కుతోందా, డీ3, కాల్షియం, ఫాస్ఫరస్ చాలుతున్నాయా అన్నది ముందు చూడాలి.

తోక ఎప్పుడూ ఒక పక్కకే

ఇరుకు గూట్లో ఉన్న కోడి తోక కూడా పక్కకు వంగుతుంది. విశాలమైన చోట వదిలి కొన్ని రోజులు వెనక నుంచి గమనించండి. నడుస్తున్నా, నిలబడ్డా అదే పక్కకు ఉంటే, రంగు ఎంత ముచ్చటగా ఉన్నా దాన్ని జత కట్టించొద్దు. ముక్కు కత్తెరలా దాటిపోయిన కోడి విషయంలోనూ నా మాట ఇదే.

రంగు జాతిలో తెల్ల కోడి

ఈకలు పూర్తిగా వచ్చేదాకా ఆగి చూడండి, నూగు రంగును బట్టి తేల్చలేం. అప్పటికీ తెల్లగానే ఉంటే, దాగి ఉండే తెలుపు జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి కలిశాయన్నమాట. పుంజును మార్చి ఊరుకుంటే పెట్టలో అది అలాగే ఉండిపోతుంది. రంగుగా పుట్టిన తోబుట్టువుల్లో కూడా సగటున మూడింట రెండు దాన్ని మోస్తుంటాయి.

ఆ తెల్లది పెట్ట అయితే పారేయకండి, మీకు దొరికే మంచి పరీక్ష సాధనం అదే. మూడు వారాలు ఏ పుంజూ లేకుండా విడిగా ఉంచండి, ఎందుకంటే పాత పుంజు వీర్యం పెట్టలో అన్ని రోజులు నిలిచి ఉండగలదు. తర్వాత అనుమానం ఉన్న పుంజుతో కలపండి. ఒక్క తెల్ల పిల్ల వచ్చినా ఆ పుంజు మోస్తున్నట్టే. వరసగా ఏడు పిల్లలూ రంగుగా వస్తే, మోసే పుంజుకు అలా జరిగే అవకాశం 128లో ఒకటే కాబట్టి దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు. తెల్ల పెట్ట లేక, మోస్తుందని తెలిసిన రంగు పెట్టతో పరీక్షిస్తే అంతే నమ్మకానికి 17 పిల్లలు కావాలి. ఒక జాగ్రత్త: తెల్ల పెట్టకు రంగుగా పుట్టిన పిల్లలన్నీ ఆ జన్యువును మోసేవే. వాటిని మీ ప్రదర్శన సంతతిలో కలపొద్దు.

నున్నటి కాళ్ల మీద చిన్న ఈకలు

కాలిని వెలుగులో పట్టి, వేళ్ల సందుల్లో కూడా వెతకండి. ఇది ఎక్కువగా పాత సంకరం మిగిల్చిన గుర్తు. ప్రదర్శనకు ముందు ఆ ఈక పీకేయడం మోసం. పీకినా జన్యువు పోదు.

రోజ్ కోంబ్ జాతిలో సింగిల్ కోంబ్

రోజ్ కోంబ్ అంటే వెడల్పుగా, చిన్న చిన్న బొడిపెలతో ఉండే జుట్టు; సింగిల్ కోంబ్ అంటే నిలువుగా, పళ్లున్న ఒకే రేకు జుట్టు. రోజ్ కోంబ్ ఉండాల్సిన వయాండాట్ జాతిని పెంచేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. 1902లో బ్రిటిష్ జన్యు శాస్త్రవేత్త బేట్సన్ కోళ్ల జుట్టు మీదే మెండెల్ వంశపారంపర్య సూత్రాలను చూపించాడు. రోజ్ కోంబ్ జన్యువు ఒకటి ఉన్నా చాలు, జుట్టు రోజ్ కోంబ్‌గానే కనిపిస్తుంది. అలా ఒక్కటే ఉన్నవి రెండు కలిస్తే సగటున నాలుగో వంతు సింగిల్ కోంబ్ పిల్లలు వస్తాయి. పరీక్షించి దీన్ని పూర్తిగా తుడిచేయొచ్చు, కానీ నేను వద్దంటాను. రెండు రోజ్ కోంబ్ జన్యువులున్న పుంజుల వీర్యం బలహీనంగా ఉంటుంది, గుడ్లు ఎక్కువగా గొడ్డుపోతాయి. పెట్టలకు ఈ ఇబ్బంది లేదు. కాబట్టి మంచి ఒడ్డూపొడుగూ ఉన్న సింగిల్ కోంబ్ పెట్ట పుడితే ప్రదర్శనకు తీసుకెళ్లకండి గానీ, ఇంట్లో ఉంచుకోండి. రెండు రోజ్ కోంబ్ జన్యువులున్న పుంజుతో దాన్ని కలపండి. పొదిగిన గుడ్లు తక్కువైనా, వచ్చిన పిల్లలన్నీ రోజ్ కోంబ్‌తోనే పుడతాయి, వాటిలో పుంజులకు ఆ బలహీనత ఉండదు.