ఆర్‌సీ కారు బాడీకి రంగు వేసి, లైట్లు అమర్చడం ఎలా?

రిమోట్‌తో నడిచే మోడల్ కార్ల బాడీ చాలావరకు పలుచని, పారదర్శకమైన పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతుంది. దీనికి రంగు బయట కాకుండా లోపలి వైపు వేయాలి. అలా వేస్తే కారు బోల్తా పడినా, గోడకు రాసుకున్నా గీతలు ప్లాస్టిక్ మీదే పడతాయి గాని రంగు చెక్కుచెదరదు. అయితే ఈ పద్ధతిలో వరుస తలకిందులవుతుంది: పైకి ముందుగా కనిపించవలసిన రంగునే మొదట వేయాలి.

ముందుగా అచ్చు నుంచి అంటుకున్న జిడ్డు పోయేలా బాడీ లోపలి భాగాన్ని గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తర్వాత లోపలి వైపు వేళ్లు తగలనీయకూడదు. కిటికీలకు, హెడ్‌లైట్లకు, వెనుక లైట్లకు లోపలి నుంచే మాస్కింగ్ టేపు అంటించి, దాని అంచు పొడవునా గోటితో గట్టిగా నొక్కాలి. ఎక్కడైనా సన్నని గాలి బుడగ మిగిలితే రంగు అక్కడి నుంచే లోపలికి పాకుతుంది.

పాలికార్బొనేట్ కోసం తయారైన స్ప్రే రంగునే వాడాలి; మామూలు స్ప్రే వేస్తే బాడీ వంగిన ప్రతిసారీ పెచ్చులుగా రాలిపోతుంది. గాలి ఆడే చోట, ముఖానికి మాస్కు పెట్టుకుని, సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి పలుచని పూతలు వేయాలి. మొదటి పూత మంచు పట్టినట్టు ఉంటే చాలు, ఒక్కసారే దట్టంగా వేయాలన్న తొందరే ఎక్కువ బాడీలను పాడుచేస్తుంది. ముదురు రంగులు ముందు, లేత రంగులు తర్వాత వేయాలి, ఎందుకంటే పసుపు వెనుక నలుపు పడితే ఆ పసుపు మసకబారుతుంది. లేత రంగుల వెనుక చివరగా తెలుపు పూత వేస్తే అవి నిండుగా కనిపిస్తాయి. అంతా ఆరాకే టేపును, బయటి రక్షణ పొరను తీయాలి.

ఇక లైట్ల సంగతి. బ్యాటరీ తీసేసి పని మొదలుపెట్టాలి. రిసీవర్‌లో (రిమోట్ సంకేతాలను అందుకునే పెట్టె) ఖాళీగా ఉన్న చానల్‌కు మూడు పిన్నులుంటాయి. వాటిలో లైట్లకు కావలసినవి ప్లస్, మైనస్ మాత్రమే. అక్కడ వచ్చే వోల్టేజి ఎంతో ఈఎస్‌సీతో (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) వచ్చిన కాగితంలో చూసుకోవాలి. అది 6 వోల్టులనుకుందాం. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు, 20 మిల్లీఆంపియర్లు సరిపోతాయి కాబట్టి, మిగిలిన 3 వోల్టులను 0.02తో భాగిస్తే 150 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును అదుపు చేసే చిన్న భాగం) కావాలని తేలుతుంది. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులే చాలు, అందుకని లెక్కకు 200 ఓమ్‌లు వస్తుంది, దానికి కాస్త ఎక్కువైన 220 ఓమ్‌లు వాడవచ్చు. ప్రతి ఎల్‌ఈడీకీ విడిగా ఒక రెసిస్టర్ ఉండాలి, పొడవాటి కాలును ప్లస్‌కు కలపాలి.

టంకం పెట్టకముందే తీగకు హీట్ ష్రింక్ ట్యూబు (వేడి తగిలితే ముడుచుకుని అతుకును బిగించి కప్పే గొట్టం) ఎక్కించాలి. నేను ఒకసారి అది మరిచి, అతుకు మీద టేపు చుట్టి వదిలేశాను; మోటారు వేడికి జిగురు సాగి టేపు ఊడింది, రెండు తీగలు తాకి కారు మధ్యలోనే ఆగిపోయింది.

బ్యాటరీ మార్చినప్పుడల్లా బాడీ పైకి లేస్తుంది కనుక, బాడీకీ చాసిస్‌కూ (కారు అడుగు చట్రం) మధ్య ఊడదీసేందుకు వీలైన ప్లగ్గు తప్పనిసరి. చివరగా ముందు ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్), తర్వాత కారు ఆన్ చేసి, చక్రాలు నేలకు తగలకుండా కారును పైకెత్తి పట్టుకుని, స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పుతూ ఏ తీగా చక్రానికో గేరుకో తగలడం లేదని చూసుకోవాలి.