కెన్యా ఇంటర్న్‌షిప్‌కి టికెట్ కొనేముందు

సెలవుల్లో కెన్యాలోని చిన్న మానవ హక్కుల సంస్థల్లోనో, గ్రామాభివృద్ధి సంస్థల్లోనో ఇంటర్న్‌గా వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి.

• పర్మిట్: 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ (ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి) వచ్చింది. అది దేశంలో అడుగుపెట్టడానికే, పని చేయడానికి కాదు. జీతం లేదుగా, సేవేగా అంటే ఇమిగ్రేషన్‌వాళ్లు వినరు. పని చేయడానికి కావాల్సిన పాస్ ఎవరు తీసుకుంటారో, ఫీజు ఎవరు కడతారో సంస్థ చేత మెయిల్‌లో రాయించుకోండి. "వచ్చాక చూసుకుందాం" అన్నారా, టికెట్ కొనకండి.

• ఎల్లో ఫీవర్ టీకా: తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో టీకా వేసినట్టు ఇచ్చే పసుపు రంగు కార్డు అడుగుతారు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది. లేదంటే 6 రోజుల దాకా క్వారంటైన్. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ముందే కనుక్కుని వెళ్లండి.

• సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు: డబ్బు పంపేముందే అడగండి. నిజంగా పనిచేసేవాళ్లు విసుక్కోరు.

• ఫోటోలు: హింస నుంచి తప్పించుకుని సంస్థ ఆశ్రయంలో ఉన్నవాళ్లవి వద్దు. ముఖం కనపడకపోయినా వెనకాల గేటో, బోర్డో పడితే వెతికేవాడికి అడ్రస్ ఇచ్చినట్టే.

• మలేరియా: నైరోబీలో తక్కువ, పడమరన కిసుము నగరం వైపు, తీరప్రాంతంలో ఎక్కువ. మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి, డాక్టర్‌ని అడగండి.

• ఆవకాయ: ప్లాస్టిక్ క్యారీబ్యాగులు అక్కడ 2017 నుంచి నిషేధం. అమ్మ నాలుగు కవర్లు చుట్టి ఇస్తుంది, తెలిసిందే. స్టీలు డబ్బాలోకి మార్చి గుడ్డసంచిలో పెట్టండి. సూట్‌కేసు మూలల్లో మిగిలిన షాపు కవర్లు కూడా తీసేయండి.